డీకన్ ఆడమ్స్ వీలునామా: చదువూ ఒక వాటాయే

అందరికీ నమస్కారం. పనులు పక్కన పెట్టి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

1761 మే 25న మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీ అనే ఊళ్లో ఒక రైతు చనిపోయాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఊళ్లో ఇన్‌ఫ్లుయెంజా పడింది, వయసు మళ్లినవాళ్లు చాలామంది పోయారు. ఆయన భార్యకూ అదే జబ్బు వచ్చింది గానీ ఆవిడ బతికి బయటపడింది. ఆయన పేరు జాన్ ఆడమ్స్. పెద్దకొడుకు పేరూ అదే. ఆ కొడుకే తర్వాత అమెరికాకు రెండో అధ్యక్షుడయ్యాడు, అందుకే తండ్రి పేరు ఈరోజుకీ మనకు తెలుస్తోంది. చర్చిలో డీకన్, అంటే పాస్టరుకు తోడుగా చర్చి పనులు చూసే పెద్ద, కాబట్టి తండ్రిని అందరూ డీకన్ జాన్ అంటారు. ఈ సాయంత్రం నేను చెప్పేది తండ్రి గురించే.

డీకన్ జాన్ మన లెక్కలో నడిమి రైతు. ఎండాకాలం సేద్యం, చలికాలం ఇంట్లో కూర్చుని చెప్పులు కుట్టడం. అక్కడ చలికాలం నేల గడ్డకట్టుకుపోతుంది, పొలంలో పనేమీ ఉండదు. ఊళ్లో పన్ను వసూలు చేశాడు, మిలీషియాలో, అంటే ఊరివాళ్లతోనే ఏర్పడిన సాయుధ దళంలో, లెఫ్టినెంటుగా ఉన్నాడు, ఊరి పాలన చూసే పెద్దల్లో ఒకడిగా ఏళ్ల తరబడి ఎన్నికయ్యాడు. 1720లో ఒక ఇల్లూ పొలమూ కొన్నాడు. 1744లో దాని పక్కనే ఉన్న మరో ఇల్లు కొన్నాడు. చేతిలో కాస్త డబ్బు ఆడితే పక్క చెక్క కొనడం, ఇదీ ఆయన జీవితం. ఇలాంటి మనుషులు మనకేమీ కొత్త కాదు.

ఆయనకు ముగ్గురు కొడుకులు: జాన్, పీటర్ బాయిల్‌స్టన్, ఎలైహు. కూతుళ్లు లేరు. వీలునామా రాసిపెట్టే పోయాడు. అందులో తను కాపురమున్న ఇల్లు, దాని పొలం రెండోవాడు పీటర్‌కు రాశాడు. ఎలైహుకు ఊరి దక్షిణపు వైపు భూమి ఇచ్చాడు. పెద్దవాడు జాన్‌కు పక్కింటినీ, దాని కొట్టాన్నీ, ఆనుకుని ఉన్న సుమారు పదెకరాలనూ, వేరేచోట తోట, మేతబీడు, అడవి అన్నీ కలిపి మరో ముప్ఫై ఎకరాల దాకా రాశాడు. అందరికంటే తక్కువ వాటా పెద్దకొడుకుదే. కారణం కూడా దాచలేదు. పెద్దవాణ్ణి హార్వర్డ్‌లో చదివించాను, తమ్ముళ్లకు ఆ చదువు లేదు, ఆ ఖర్చు వాడి వాటాలో చేరిపోయింది. అంతే.

ఈ పంపకం ఎంత తెగువో తెలియాలంటే ఆ రోజుల్లో అక్కడి చట్టం ఏం చెప్పేదో చూడాలి.

అప్పటికి ఈ ప్రాంతాలన్నీ ఇంగ్లండు ఏలుబడిలోని వలసలే. ఇంగ్లండులో వీలునామా లేకుండా తండ్రి పోతే భూమి మొత్తం పెద్దకొడుకుదే. తమ్ముళ్లకు చదువో, సైన్యమో, చర్చో దారి. వర్జీనియా వలసలోనూ అదే నియమం నడిచింది. అక్కడ పెద్ద దొరలు భూమిని అమ్మడానికి, ముక్కలు చేయడానికి వీల్లేకుండా తరతరాలకు కట్టిపడేసేవాళ్లు. ఆ కట్టు 1776లో తెగింది, జ్యేష్ఠాధికారం 1785లో పోయింది. అయితే వీలునామా రాసేవాడు తన ఇష్టం వచ్చినట్టు పంచొచ్చు. జార్జ్ వాషింగ్టన్ తండ్రి అగస్టీన్ 1743లో అలాగే పంచాడు. పెద్దకొడుకు లారెన్స్‌కు తర్వాత మౌంట్ వెర్నన్ అనే ఎస్టేటు అయిన భూమి, రెండోవాడికి పోప్స్ క్రీక్ పొలాలు, మూడోవాడు పదకొండేళ్ల జార్జ్‌కు రాపహానక్ నది ఒడ్డున ఉన్న పొలం, పదిమంది బానిసలు. పదకొండేళ్ల పిల్లవాడి పేరున పదిమంది మనుషులు. ఆ వాక్యాన్ని నేను ఎప్పుడూ ఆగకుండా చదవలేకపోయాను.

మసాచుసెట్స్‌కు వచ్చిన ప్యూరిటన్లు, అంటే బైబిలునే చట్టంగా పట్టుకున్న ఇంగ్లండు క్రైస్తవులు, వేరే దారి పట్టారు. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో జ్యేష్ఠునికి రెండు పాళ్లు అని ఉంది. దాన్నే 1641లో తమ శాసనంలో పెట్టుకున్నారు. 1692 చట్టం దాన్ని ఇంకా స్పష్టంగా రాసింది: పెద్దకొడుకుకు రెండు వాటాలు, తక్కిన పిల్లలకు, కూతుళ్లతో సహా, తలా ఒకటి. భార్యకు చరాస్తిలో మూడో వంతు పూర్తిగా, భూమిలో మూడో వంతు బతికున్నంతకాలం అనుభవించడానికి. మన ఊళ్లలో జ్యేష్ఠభాగం అని ఎద్దునో, ఒక కుంట పొలమో పెద్దవాడికి ఎక్కువ ఇచ్చేవాళ్లు కదా, అలాంటి భావనే, కాకపోతే అక్కడ ఏకంగా రెండింతలు.

ఇప్పుడు లెక్క వేయండి. డీకన్ జాన్ వీలునామా రాయకుండా పోయుంటే? ముగ్గురు కొడుకులు, నాలుగు పాళ్లు. రెండు పాళ్లు జాన్‌వి, తలా ఒకటి తమ్ముళ్లవి. పిల్లలకు వచ్చేదాంట్లో సగం పెద్దవాడిదే. చట్టాన్ని దాని దారిన వదిలేస్తే సగం వచ్చేవాడికి ఆ తండ్రి అందరికంటే చిన్న ముక్క రాశాడు. పైగా ఆ పెద్దకొడుకు లాయరు! తండ్రి కన్ను మూసేటప్పటికి ఇరవై అయిదేళ్లవాడు, చట్టం చదివి ఊళ్లోనే, అమ్మానాన్నల ఇంట్లోనే ఉంటూ ప్రాక్టీసు చేస్తున్నాడు. రెండు పాళ్ల సంగతి అతనికి తెలియకుండా ఎలా ఉంటుంది?

ఆ కొడుకు ఏం చేశాడో చూడండి. కోర్టు నుంచి తెచ్చుకున్న వీలునామా నకలు వెనకవైపు తండ్రి గురించి కొన్ని వాక్యాలు రాసుకున్నాడు. కాలేజీకి పోకపోయినా మంచి చదువు ఉన్నవాడని, చాలా సమర్థుడని, ఊరి వ్యవహారాలన్నీ ఇరవై ఏళ్ల పాటు ఆయన చేతి మీదుగానే నడిచాయని, భక్తిపరుడని, నిజాయితీపరుడని, తెలిసిన చోటల్లా అందరూ ప్రేమించి గౌరవించేవాళ్లని రాశాడు. ఆయన పేరు తెలిసింది పెద్ద దూరమేమీ కాదని, ఆయన ప్రపంచం చిన్నదని కూడా అక్కడే రాశాడు. తనకు తక్కువ వాటా ఇచ్చిన కాగితం వెనకే రాశాడు ఇదంతా. ఆ వరుసలు చదివినప్పుడు నాకు ఆ తండ్రీ కొడుకులిద్దరి మీదా గౌరవం పెరిగింది.

ఆ చదువు ఎలా మొదలైందో కూడా చెప్పాలి. జాన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. పిల్లవాడిగా అతనికి బడి ఇష్టం లేదు, వేట ఇష్టం. నేను రైతునవుతాను, నాకు కాలేజీ వద్దు అన్నాడు. సరే, రైతు పని ఎలా ఉంటుందో చూద్దువుగాని రా అని తండ్రి మర్నాడు పొద్దున్నే పెనీ ఫెర్రీ దగ్గరికి తీసుకుపోయాడు. ఉప్పునీటి చిత్తడిలో ఇంటికప్పు గడ్డి కోయించాడు. రోజంతా పని, ఒళ్లంతా బురద. రాత్రి ఇంటికొచ్చాక అడిగాడు, ఏం జాన్, రైతుపనితో తృప్తేనా అని. నాకు బాగానే ఉంది నాన్నా అన్నాడు కొడుకు. నాకు మాత్రం అంత బాగా లేదు, నువ్వు బడికి పోవాల్సిందే అన్నాడు తండ్రి. తర్వాత తెలిసిందేమిటంటే, కుర్రాడికి అసలు గొడవ చదువుతో కాదు, బడిపంతులుతో. తండ్రి పంతుల్ని మార్చాడు. కుర్రాడు చదివాడు. 1751లో హార్వర్డ్‌లో చేరి 1755లో పట్టా తీసుకున్నాడు. జీవితమంతా కొనడమే తప్ప అమ్మడం తెలియని డీకన్ ఆ చదువు కోసం పదెకరాలు అమ్మాడు.

మన ఇళ్లలో ఈ మాట ఎన్నిసార్లు వినలేదు! పెద్దాడి ఇంజనీరింగుకు పొలం అమ్మాం, చిన్నాడు ఇక్కడే ఉండి మమ్మల్ని చూసుకున్నాడు, ఇప్పుడు పెద్దాడు అమెరికా నుంచి వచ్చి సమాన వాటా అడుగుతున్నాడు. పెద్దమనుషుల పంచాయతీల్లో సగం గొడవలు ఇక్కడే ఉంటాయి. మన ధర్మశాస్త్రాలూ దీన్ని తేల్చలేక తంటాలు పడ్డాయి. ఉమ్మడి డబ్బుతో ప్రత్యేకమైన చదువు చదివినవాడి సంపాదన ఉమ్మడి ఆస్తేనా అన్న వ్యాజ్యాలు కోర్టుల్లో చాలాకాలం నలిగాయి. చివరికి 1930లో చట్టం తెచ్చి, చదువు వల్ల వచ్చిన సంపాదన చదివినవాడి స్వార్జితమే అని తేల్చారు. ఆ చట్టం చదివినవాణ్ణి కాపాడింది. చదవకుండా ఇంటిపట్టున ఉండి దున్నినవాడి సంగతి దానికి పట్టలేదు. డీకన్ జాన్ తన వీలునామాలో వాణ్ణి పట్టించుకున్నాడు. కొడుకు సంపాదన జోలికి పోలేదు. తను ఇచ్చిన చదువును మాత్రం వాటాగా లెక్కగట్టాడు, మిగిలింది మిగిలినవాళ్లకు పెట్టాడు. ఇంతకంటే న్యాయమైన పంపకం నాకు కనపడలేదు.

ఇక్కడ ఒక దావా సంగతి కూడా చెప్పాలి. ఈ వలస రైతుల పంపకాలు ఎంత ప్రమాదం అంచున నడిచాయో దీంతో తెలుస్తుంది. పక్కనే ఉన్న కనెక్టికట్ వలసలో భూములున్న వెయిట్ విన్‌త్రాప్ అనే పెద్దమనిషి 1717లో వీలునామా లేకుండా చనిపోయాడు. కొడుకు జాన్, కూతురు ఆన్. స్థానిక చట్టం ప్రకారం కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒకటి. కొడుకు ఒప్పుకోలేదు. ఇంగ్లండు న్యాయం ప్రకారం భూమంతా నాదే అన్నాడు, చెల్లెలి భర్త లెచ్‌మియర్‌తో దావాకు దిగాడు, వలసల అప్పీళ్లు వినే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లాడు. 1728లో ప్రివీ కౌన్సిల్ అతని పక్షాన తీర్పు ఇచ్చి, కనెక్టికట్ వారసత్వ చట్టమే చెల్లదంది. ఇక చూసుకోండి, ఆ చట్టం కింద తరాలుగా పంచుకుని, అమ్ముకుని, కొనుక్కున్న ప్రతి చెక్కకూ హక్కు అనుమానంలో పడింది. ఎవరి తాత పెద్దకొడుకో వాడు వచ్చి నీ పొలం నాది అనొచ్చు. 1738లో మసాచుసెట్స్ నుంచి వెళ్లిన ఫిలిప్స్, సావేజ్‌ల దావాలో అదే ప్రివీ కౌన్సిల్ మసాచుసెట్స్ చట్టం చెల్లుతుందని చెప్పాక గానీ అక్కడి రైతులు ఊపిరి పీల్చుకోలేదు. ఒక్క అన్న అత్యాశ మొత్తం ఒక వలసనే పదేళ్లు నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతికి వస్తాను. ఈ వీలునామాల్లో నేను అన్నిటికంటే జాగ్రత్తగా చదివేది ఈ భాగమే.

డీకన్ ఇంట్లో కూతుళ్లు లేరు కానీ ఆ కాలపు మిగతా రైతుల వీలునామాలు చదివితే ఒక పద్ధతి కనిపిస్తుంది. భూమి కొడుకులకు, చరాస్తి కూతుళ్లకు. ఆవు, ఈకల పరుపు, ఇత్తడి బిందె, తగరపు పళ్లేలు, రాట్నం, కొంత డబ్బు. పెళ్లిలో ఇచ్చింది ఏదైనా ఉంటే అది తీసేస్తారు. కూతురి డబ్బు తండ్రి చేతి నుంచి రాదు. పొలం తీసుకున్న అన్న ఇన్నేళ్లలో నీ చెల్లెలికి ఇంత ఇవ్వాలి అని రాస్తారు. చెల్లెలు అన్న ఇంటి చుట్టూ తిరగాలన్నమాట. చట్టం కూతురికీ వాటా చెప్పినా వీలునామా దాన్ని మింగేసింది. మన తెలుగునాట 1985లో వచ్చిన సవరణ ఆడపిల్లలకు పుట్టుకతోనే పిత్రార్జితంలో హక్కు ఇచ్చింది. ఇన్నేళ్లయినా అన్నదమ్ముల పేరున వీలునామాలు, దస్తావేజులు రాయించి పక్కకు తప్పించే ఇళ్లు నేను చూస్తూనే ఉన్నాను. పసుపుకుంకుమ కింద ఇచ్చాం కదా అంటారు. ఇచ్చింది లెక్క వేసేటప్పుడు అందరికీ ఒకే కొలత పెట్టాలి. డీకన్ కొడుకు చదువును లెక్క వేశాడు, ఆ మాట నిజమే. కానీ ఆ ఊళ్లో మరే తండ్రయినా కూతురు ఆ ఇంట్లో ఇరవై ఏళ్లు వడికిన నూలును, పిండిన పాలను లెక్క వేశాడా? నేను చూసిన ఏ వీలునామాలోనూ ఆ పద్దు లేదు.

వితంతువు సంగతి మరీ చిత్రం. భూమిలో మూడో వంతు అనుభవం అని చట్టం అంటుంది గానీ, చాలామంది రైతులు దాన్ని ఇంటిలోపలి గీతలుగా మార్చి రాసేవాళ్లు. నా భార్యకు ఇంటి తూర్పు కొస. నేలమాళిగలో సగం. వంటపొయ్యి వాడుకునే హక్కు. బావి దగ్గరికి నడిచే దారి. ఏటా ఇన్ని బుషెళ్ల (అక్కడి ధాన్యపు కొలత) మొక్కజొన్న, ఇన్ని బుషెళ్ల రై ధాన్యం. ఆపిళ్లు, ఆపిల్ రసంతో చేసే సైడరు. ఎండాకాలం, చలికాలం మేపి పెట్టాల్సిన ఒక ఆవు. నరికి, చీల్చి, గుమ్మం దాకా చేర్చిన కట్టెలు. చర్చికి పోవడానికి గుర్రం. ఇవన్నీ పొలం తీసుకున్న కొడుకు చేయాలి.

ఒక్కసారి ఆలోచించండి, బావికి నడిచే దారి కూడా ఎందుకు రాయాలి? ఆ రైతుకు తన కోడలెవరో తెలుసు, కొడుకెలాంటివాడో తెలుసు. తను పోయిన మర్నాటి నుంచి ఆవిడ తన ఇంట్లోనే పరాయిదవుతుందనీ తెలుసు. అందుకే కట్టెల దగ్గర కూడా గుమ్మం దాకా చేర్చాలి అని రాశాడు. అడవిలో నరికి పడేసి, కావాలంటే మోసుకో అంటారని భయం. కొందరు ఇంకో మెట్టు ఎక్కి, ఇవి ఇవ్వకపోతే పొలం మీద హక్కు పోతుందని రాశారు. ఇక చాలా వీలునామాల్లో ఇంకో షరతు ఉండేది: ఆవిడ విధవగా ఉన్నంతకాలమే ఇవన్నీ. మళ్లీ పెళ్లి చేసుకుంటే తూర్పు కొసా లేదు, ఆవూ లేదు. డీకన్ భార్య సుజానా 1766లో మళ్లీ పెళ్లి చేసుకుంది, 1797 దాకా, కొడుకు అధ్యక్షుడయ్యేదాకా బతికింది.

వీలునామా కోర్టులో నిలిచాక ముగ్గురు ఇరుగుపొరుగు పెద్దలు ప్రమాణం చేసి ఇంటికి వచ్చి ఆస్తి మదింపు చేసేవాళ్లు. గది గదికీ తిరిగి రాసేవాళ్లు. పరుపు ఇంత, తుపాకీ ఇంత, పాత ఇనుము ఇంత, పుస్తకాలు ఇంత. కొన్ని ఇళ్లల్లో ఆ జాబితాలోనే, ఆవులకు పైనో కిందో, ఒక నీగ్రో స్త్రీ, ఇంత విలువ అని ఉండేది. డీకన్ ఇంట్లో బానిసలు లేరు. కానీ జాన్ పెళ్లి చేసుకున్న అబిగేల్ పుట్టింట్లో ఉన్నారు. ఆవిడ తండ్రి వేమత్ ఊరి పాస్టరు విలియం స్మిత్ 1783లో పోతూ ఫీబీ అనే ఆవిడకు స్వేచ్ఛ రాశాడు, పోషణకు 100 పౌండ్లు పెట్టాడు, కావాలంటే తన కూతుళ్లలో ఎవరి దగ్గరైనా ఉండొచ్చు అన్నాడు. ఆ పోషణ డబ్బు కూడా ఆవిడకు రావాల్సిన కూలీలో చిన్న భాగమే.

అసలు ఆ నేల ఎవరిది అని మీరు అడగొచ్చు. మసాచుసెట్ అనే ఆదివాసీ తెగది. ఊరు ఏర్పడిన పాతికేళ్లకు, 1665లో, ఆ తెగ నాయకుడు వాంపటక్ చేత బ్రెయిన్‌ట్రీ భూమికి దస్తావేజు రాయించుకున్నారు. ఆడమ్స్ కుటుంబం మూలపురుషుడు హెన్రీ అంతకు ముందే 1638 ప్రాంతంలో వచ్చి 40 ఎకరాలు పొందాడు, 1646లో చనిపోయాడు. ముందు పంచుకున్నారు, తర్వాత రాయించుకున్నారు.

పంచేకొద్దీ భూమి తరుగుతుంది. ఇంటికి ఏడెనిమిదిమంది పిల్లలు, రాళ్ల నేల. మూడో తరానికే ముక్కలు ఒక కుటుంబం గడవని పరిమాణానికి వచ్చేశాయి. అందుకని తండ్రులు ఒకరిద్దరికి పొలం, ఒకరికి చేతివృత్తి, ఒకరికి డబ్బు, ఒకరికి న్యూ హాంప్‌షైర్‌లోనో మెయిన్‌లోనో అడవి భూమి, వీలైతే ఒకరికి కాలేజీ అని సర్దేవాళ్లు. డీకన్ ఇంట్లో ఇది రెండో తరం ఆనవాయితీ. ఆయన తండ్రి జోసెఫ్ కూడా పెద్దకొడుకును హార్వర్డ్‌కు పంపాడు, అతను పాస్టరయ్యాడు. డీకన్ పొలంలో ఉన్నాడు. అంటే చదువు దొరకని తమ్ముడి స్థానం ఎలా ఉంటుందో ఆయన స్వయంగా ఎరుగును. తన వీలునామాలో పీటర్‌నూ ఎలైహునూ మరిచిపోకపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

మరి ఆ చిన్న వాటాతో జాన్ ఏం చేశాడు? పిచ్చిగా ప్రేమించాడు. 1762 అక్టోబరులో డైరీలో రాసుకున్నాడు, నా ఆలోచనలు తోట నుంచి బీడుకు, అక్కడి నుంచి చిత్తడికి, అక్కడి నుంచి ఇంటికీ కొట్టానికీ పరుగులు పెడుతున్నాయి అని. ఆపిల్ చెట్లకు కొమ్మలు కత్తిరించడం, కంచెలు బాగుచేయడం, పేడ తోలడం, రాళ్లు తవ్వడం, ఇవే రాతలు. 1764లో అబిగేల్‌ను ఆ ఇంటికే తెచ్చుకున్నాడు. 1767లో జాన్ క్విన్సీ అక్కడే పుట్టాడు, అతనూ అధ్యక్షుడయ్యాడు. 1779లో మసాచుసెట్స్ రాజ్యాంగం చిత్తు ఆ ఇంట్లోనే రాశాడు. అది ఇప్పటికీ అమల్లో ఉంది. డీకన్ రెండు ఇళ్లూ ఈరోజుకీ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి, ఇప్పుడు ఆ చోటును క్విన్సీ అంటారు. వెళ్లినవాళ్లు చూడొచ్చు.

తమ్ముడు ఎలైహు 1775లో మిలీషియా కెప్టెనుగా ఉండగా శిబిరంలో రక్తవిరేచనాలతో పోయాడు. పీటర్ అంతకు ముందే, 1774 ఫిబ్రవరిలో, తండ్రి పొలాన్ని అన్నకు అమ్మాడు. ఇల్లు, కొట్టం, 35 ఎకరాలు, ఉత్తరపు బీడులో మరో 18 ఎకరాలు, అన్నీ కలిపి 440 పౌండ్లు అని జాన్ లెక్క రాసుకున్నాడు. ఉచితంగా వస్తుందని ఆశ పడలేదు, చట్టం రెండు పాళ్లు ఇస్తుంది కదా అని తమ్ముడితో పేచీ పెట్టుకోలేదు. తను పుట్టిన ఇల్లు తమ్ముడి వాటా, కావాలంటే డబ్బిచ్చి కొనుక్కోవాలి. కొనుక్కున్నాడు. బ్రిటిష్ పన్నుకు నిరసనగా బోస్టన్ రేవులో టీ పెట్టెలు నీళ్లలో పడి అప్పటికి పది వారాలు. దేశం తగలబడబోతోంది. డైరీలో ఆ రోజు ఆయన తనను తాను అడుగుతున్నదేమిటంటే, ఆ పచ్చికబీడులో ఏ గడ్డి విత్తనం చల్లితే బాగుంటుంది, క్లోవర్ వేద్దామా అని.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు వరసలో ఉన్న అమ్మగారు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, మీతో మొదలుపెడదాం.